చౌక రైఫిలు – నమ్మదగిన గురి

వేట అనగానే మన యిండ్లలోని పెద్దలకు జిమ్ కార్బెట్ పేరు జ్ఞప్తికి వచ్చును. చంపావత్ ప్రాంతమున జనులను పొట్టన బెట్టుకొనిన ఆడుపులిని కడతేర్చినందులకు 1907లో సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ ఆయనకొక రైఫిలును బహూకరించెను. అది ఇంగ్లండులోని రిగ్బీ సంస్థవారు తయారు చేసినది; దాని యంత్రాంగము జర్మనీ దేశపు మౌజర్ పద్ధతికి చెందినది. ఆ కాలమున అట్టి ఆయుధము దొరలకు, ధనికులకు తప్ప అందునది కాదు. నేడు అమెరికాలో అదే సూత్రముపై పనిచేయు రైఫిలును సాధారణోద్యోగి ఒక వారపు జీతమునకు మించని వెలకు కొనగలుగుచున్నాడు. ఈ మార్పు ఎట్లు వచ్చినది, చౌకగా కొనిన రైఫిలును వేటకు తగినట్లు అమర్చుకొనుట ఎట్లు అను విషయములను ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో వచ్చిన సవరణయు వేటను దాదాపు పూర్తిగా నిషేధించినవి. కావున మేము చెప్పబోవునది మన అడవులను గురించి కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరుగు జింకల వేటను గురించి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు ఏటేట నవంబరు మాసమున ఇరుగుపొరుగువారు నారింజవన్నె చొక్కాలు తొడిగి, రైఫిళ్ళతో అడవులకు బయలుదేరుట చూచుచునే యుందురు. ఆ ఆయుధము ఎట్టిది, దానిని వారెంత శ్రద్ధతో సిద్ధము చేసికొందురు అను సంగతి తెలిసికొనుట చూచువారికి కూడ మేలే.

అక్కడ వేట కేవలము వినోదము కాదు. 1900 ప్రాంతమున ఆ దేశమంతటను తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి యుండలేదని అంచనా. మాంసమునకై, తోళ్ళకై సాగిన విచ్చలవిడి వేట వానిని ఆ స్థితికి తెచ్చినది. పిమ్మట కఠినమైన చట్టములు వచ్చినవి. జింకలు తిరిగి పెరిగినవి. నేడవి సుమారు మూడు కోట్లు. తోడేళ్ళు, కొండసింహములు చాలచోట్ల కనుమరుగైనందున జింకల సంఖ్యను అదుపులో నుంచు భారము చాలవరకు వేటగానిపై పడినది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము వేట రైఫిళ్ళపైన, తూటాలపైన తయారీదారులు చెల్లించు 11 శాతము పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వినియోగపడుచున్నది. ఇంతటి ఏర్పాటునకు మూలముగా ఒక ధర్మమున్నది: కొట్టిన జింక తక్షణమే పడవలెను. దెబ్బతిని పారిపోయిన జంతువు రాత్రియంతయు పొదలలో కొట్టుకొని చచ్చుట ఏ వేటగానికిని గౌరవము కాదు. రైఫిలు ఎంపికకును, అమరికకును వెనుకనున్న అసలు ప్రశ్న ఇదియే.

ఇక రైఫిలు పనిచేయు తీరు చూతము. మన యింటి తలుపునకుండు ఇనుప గడియను తలచుకొనుడు. పిడిని పైకెత్తి వెనుకకు లాగినచో గడియ వీడును; ముందుకు త్రోసి క్రిందికి దించినచో బిగియును. బోల్టు రైఫిలు సూత్రము సరిగా ఇదియే. బోల్టనగా గడియ. పిడినెత్తి వెనుకకు లాగగానే కాలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపడును. ముందుకు త్రోయగానే మ్యాగజైనునుండి క్రొత్త తూటా అరలోనికి చేరును. పిడిని దించగానే బోల్టునకున్న ఉక్కు చెవులు గాడులలో తిరిగి గట్టిగా బిగియును. ఈ బిగింపు అత్యవసరము. ఏలయన మందు ప్రేలినపుడు అరలో పుట్టు ఒత్తిడి చదరపు అంగుళమునకు 60,000 పౌనుల ప్రాంతమునకు చేరును. పాల్ మౌజర్ 1898లో జర్మనీ సైన్యమునకు సిద్ధపరచిన రైఫిలులో బోల్టు ముందుకొనయందు రెండు చెవులను, ఆపద వచ్చినచో ఆదుకొనుటకు వెనుకవైపు మూడవ చెవిని అమర్చెను. తరువాత వచ్చిన వేట రైఫిళ్ళలో అత్యధిక భాగము ఆ వంశమునకు చెందినవే. కదలు భాగములు కొలది, బిగింపు గట్టి. అందువలన గురియు కుదురుగా నుండును, చెడిపోవుటయు అరుదు.

ఈ రైఫిలు సామాన్యునకు అందినది రెండు దారులలో. మొదటిది యుద్ధములు మిగిల్చిన దారి. రెండు ప్రపంచ యుద్ధముల పిమ్మట సైన్యములకు అక్కరలేని రైఫిళ్ళు లక్షలకొలది అంగళ్ళకు వచ్చినవి. వేటగాండ్రు వాని గొట్టములు కురుచచేసి, కొయ్యను చెక్కి, వేటకు మలచుకొనిరి. ఇందులో మన దేశమునకును పాలున్నది. 1962 యుద్ధానంతరము పశ్చిమ వంగదేశపు ఇషాపూర్ కర్మాగారమువారు పాత లీ-ఎన్‌ఫీల్డు పద్ధతిని 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా మార్చి 2ఏ1 అను రైఫిలును తయారుచేసిరి. అది మన సైన్యమునుండి విరమించిన పిదప అమెరికా అంగళ్ళకు చేరి చౌకగా అమ్ముడుపోయెను. ఇషాపూర్ అనగా మన శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము కాదని శ్రోతలు గమనింతురు గాక!

రెండవది కర్మాగారముల దారి. 1948లో రెమింగ్టన్ సంస్థవారు తమ 721 నమూనాతో, బోల్టును ఇముడ్చుకొను భాగమును గుండ్రని ఉక్కు కడ్డీనుండి తొలిచి తీయు పద్ధతిని తెచ్చి శ్రమను తగ్గించిరి. 1958లో సావేజ్ సంస్థవారి 110 నమూనా వెలువడెను. నికొలస్ బ్రూవర్ దాని రూపకర్త. అందలి విశేషము చిన్నది, ఫలితము మాత్రము పెద్దది. తూటా అరలో కూర్చున్నపుడు దాని అడుగునకును బోల్టు ముఖమునకును నడుమ నుండవలసిన ఎడమును అంగుళములో వెయ్యవవంతుల లెక్కన సరిచూడవలెను. అంతకు ముందు ఈ పనికి చేయి తిరిగిన పనివాడు గొట్టమును మాటిమాటికి బిగించుచు, విప్పుచు, ఆకురాయితో సరిచేయవలసి వచ్చెడిది. బ్రూవర్ గొట్టము మొదట ఒక మరచుట్టు నట్టును పెట్టెను. కొలబద్దను అరలో నుంచి గొట్టమును దానికి తగులువరకు త్రిప్పి, నట్టు బిగించినచో పని ముగిసెను. గడియలకొలది పట్టు నేర్పరి పని నిమిషములలో ముగిసినది. కచ్చితత్వము ఏమాత్రమును తగ్గలేదు.

2010 ప్రాంతమునుండి వచ్చిన చౌక నమూనాలు ఈ బాటలోనే మరికొంత దూరము పోయినవి. రూగర్ అమెరికన్, సావేజ్ ఆక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియట్ వంటివి సుమారు 400 నుండి 600 డాలర్ల వెలకు దొరకును. వానిలో తగ్గించినదేమి? అక్రోటు కొయ్యకు బదులు అచ్చుపోసిన ప్లాస్టికు స్టాకు, మెరుగుపెట్టని ఉక్కు, కొంచెము గరగరలాడు బోల్టు. తగ్గించనిది గొట్టము. మంచి తూటాతో ఈ రైఫిళ్ళు 100 గజములలో మూడు గుండ్లను ఒకటిన్నర అంగుళముల పరిధిలో వేయుట సామాన్యము. జింక గుండె, ఊపిరితిత్తులు కలిసిన మర్మస్థానము సుమారు ఎనిమిది అంగుళముల వెడల్పుండును. కావున వేటకు కావలసిన కచ్చితత్వము చౌక రైఫిలులోనే పుష్కలముగ నున్నది. హెచ్చు వెల పెట్టి కొనునది సొగసు మాత్రమే.

ఎంపికకు పూనుకొనువాడు ముందుగా చట్టమును చూడవలెను, పిమ్మట అంగడిని. ఆ దేశమున వేట నిబంధనలు రాష్ట్ర రాష్ట్రమునకు వేరు. ఒహాయో రాష్ట్రమున జింకల వేటకు చిరకాలము షాట్‌గన్నులు మొదలగువానినే అనుమతించి, 2014లో మెడ సన్నగిల్లని నిటారు గుల్లగల రైఫిలు తూటాలకు చోటిచ్చిరి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి వేటకు సీసపు గుండ్లు పూర్తిగా నిషిద్ధములు. తూటా ఏదో తేలక ముందు రైఫిలు కొనుట, పాదము కొలువక చెప్పులు కొనుటవంటిది.

తూటాలలో పేరు పొందినవి కొన్ని. 1906 నాటి .30-06, 1925 నాటి .270 విన్‌చెస్టర్, 1952 నాటి .308 విన్‌చెస్టర్, 1955 నాటి .243 విన్‌చెస్టర్, 2007 నాటి 6.5 క్రీడ్‌మూర్. సరియైన గుండును ఎన్నుకొనినచో ఇవి యన్నియు జింకకు చాలినవే. భేదము ముఖ్యముగ వెనుకతన్నునందు. .243 భుజమును తన్ను తన్ను .30-06 తన్నులో సుమారు సగము. తన్నునకు జంకినవాడు మీట నొక్కుటకు ముందే కన్ను మూయును, భుజము కుదించును. గుండు ఎటో పోవును. పెద్ద తూటా చిన్న తప్పును దిద్దునను నమ్మకము అపోహ. కొత్తవారికి .243 గాని, 6.5 క్రీడ్‌మూర్ గాని, .308 గాని మేలు. పల్లెటూరి అంగడిలో కూడ దొరకు తూటాయే ఉత్తమమని మరువరాదు.

పిదప రైఫిలు తన మేనికి అమరునో లేదో చూచుకొనవలెను. అంగడిలోనే కన్నులు మూసి రైఫిలును భుజమున కానించి, చెంపను స్టాకుపై మోపి, కన్నులు తెరువవలెను. మెడ సాచకయు, తల ఎత్తకయు చూపు స్కోపు నడుమకు పోయినచో అది తన కొలతకు తగినది. మీట మూడు నాలుగు పౌనుల బరువునకు, ముందుగా జారకుండ, గాజుపుల్ల విరిగినట్లు తటాలున విడివడవలెను. పాతది కొనునపుడు బోల్టు తీసి గొట్టములోనికి వెలుతురు పట్టి చూడవలెను; తుప్పు గుంటలుండరాదు. గొట్టపు మూతి అంచు నలుగరాదు. గుండ్రముగా అరిగిన మరచీలల తలలు అనుభవము లేనివారు దానిని విప్పినట్లు సాక్ష్యము చెప్పును. వాడుటకు ముందు తుపాకుల మరమ్మతు తెలిసినవానిచే పరీక్ష చేయించుట క్షేమము.

ఇక డబ్బు పంపకము. ఒకని చేతిలో వెయ్యి డాలర్లున్నవనుకొందము. కొత్తవాడు సాధారణముగ తొమ్మిదివందలు రైఫిలునకు పోసి, మిగిలిన నూటితో నాసిరకపు స్కోపు తగిలించి, ఒక పెట్టె తూటాలతో అడవికి పోవును. మా అభిప్రాయమున రైఫిలునకు అయిదువందలు, స్కోపునకును దానిని పట్టియుంచు కట్లకును మూడువందలు, అభ్యాసపు తూటాలకు రెండువందలు సరియైన పంపకము. ఇరువది తూటాల పెట్టె వెల సుమారు 25 నుండి 40 డాలర్లు. రెండువందలకు అయిదారు పెట్టెలు వచ్చును. ఆ నూరు తూటాలే మనిషిని వేటగానిగా చేయును. లేనిచో "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్లు రైఫిలును తిట్టుట తప్ప చేయునదేమియు ఉండదు.

స్కోపు విషయమున మూడు నుండి తొమ్మిది రెట్ల వరకు పెద్దది చేసి చూపు, ముందుకన్ను 40 మిల్లీమీటర్లుగల సాదా రకము చాలును. ఇరువది రెట్ల స్కోపులో జింక కంటికి అందుటకు ముందే అడవిలోనికి జారిపోవును. స్కోపుకంటె దాని కట్లు ముఖ్యము. అవి వెంట్రుకవాసి కదలినను గురి చెడును. మరచీలలకు నూనె జిడ్డు తుడిచి, తయారీదారు చెప్పిన బిగువునకే, కొలత చూపు మరత్రిప్పుతో బిగింపవలెను. బలము కొలది బిగించినచో స్కోపు గొట్టము నలుగును. స్కోపునకును కంటికిని నడుమ మూడు నాలుగు అంగుళముల ఎడముండవలెను. లేనిచో వెనుకతన్ను కనుబొమను చీల్చును. అడ్డుగీత సరిగా అడ్డముగ నున్నదో లేదో వడ్రంగి రసమట్టముతో చూచుకొనవచ్చును.

ప్లాస్టికు స్టాకుగల చౌక రైఫిళ్ళలో చూడవలసినది మరియొకటి. గొట్టమునకును స్టాకునకును నడుమ ఒక కాగితపు ముక్కను దూర్చి అరవైపునకు లాగవలెను. అడ్డు లేకుండ పోయినచో మంచిది. ఎక్కడనైన పట్టినచో, కాల్చిన కొలది వేడెక్కు గొట్టము స్టాకును ఒకసారి ఒక తీరున, మరియొకసారి వేరొక తీరున ఒరసికొని గుండ్లను చెదరగొట్టును. తగులు చోట గరుకు కాగితముతో రుద్దినచో చాలవరకు కుదురును. గరుకు కాగితము వెల పావలా. దాని ఫలము రైఫిలు వెలకు తక్కువ కాదు.

గురి సరిచేయుట చివరి ఘట్టము. ఇది వెనుక మట్టిగట్టు గల కాల్పుల మైదానముననే జరుగవలెను. గొట్టములోని నూనెను తుడిచివేయవలెను. నూనె గొట్టమునుండి పోవు మొదటి గుండు దారి తప్పును. ఖాళీ రైఫిలును ఇసుక సంచులపై కదలకుండ నుంచి, బోల్టు తీసి, గొట్టముగుండ 25 గజముల దూరపు గురిని చూడవలెను. రైఫిలు కదలకుండగనే స్కోపు గీతలను అదే గురిపైకి త్రిప్పవలెను. ఇట్లు చేసినచో మొదటి గుండు కాగితముపై పడుట దాదాపు నిశ్చయము.

స్కోపుపై నుండు త్రిప్పుడు బొత్తాము ఒక్కొక్క టిక్కునకు, 100 గజముల దూరమున గుండును సుమారు పావు అంగుళము జరుపును. కావున 100 గజములలో గుండు రెండంగుళములు క్రిందపడినచో పైకి ఎనిమిది టిక్కులు త్రిప్పవలెను. 25 గజములలో ఒక టిక్కు అందులో నాలుగవవంతే జరుపును; అక్కడ ఒక అంగుళమునకు పదునారు టిక్కులు కావలెను. ఈ లెక్క మరచినవారే పెట్టెలకు పెట్టెలు వృథా చేయుదురు. 25 గజములలో కుదిరిన పిదప 100 గజములకు పోయి, మూడేసి గుండ్లు కాల్చి, ఆ మూటి నడిమి స్థానమును బట్టియే దిద్దవలెను. ఒక్క గుండును చూచి త్రిప్పువాడు తన చేతి వణుకును వెంటాడుచున్నాడని గ్రహింపవలెను. నడుమ నడుమ గొట్టము చల్లారనీయవలెను. తూటా రకము మార్చినచో గురి మరల చూచుకొనవలెను.

గుండు తిన్నగా పోవునని అనుకొందుము గాని భూమ్యాకర్షణ దానిని విడువదు. 150 గ్రెయిన్ల గుండుగల .308 రైఫిలును 100 గజములకు సరిచేసినచో, 200 గజములలో గుండు సుమారు నాలుగు అంగుళములు, 300 గజములలో పదునాలుగు అంగుళములకు పైగా క్రిందికి దిగును. ఎనిమిది అంగుళముల మర్మస్థానముతో ఈ అంకెలను పోల్చి చూచినచో హద్దు ఎక్కడనో తెలియును. రైఫిలు హద్దుకంటె మనిషి హద్దు దగ్గరనే యుండును. ఇసుక సంచుల ఆధారము లేక, మోకాలిపై కూర్చుండి, ఎనిమిది అంగుళముల పళ్ళెముపై అయిదింటికి అయిదు గుండ్లు వేయగల దూరమేదో, అదియే ఆ వేటగాని హద్దు. అది 80 గజములైనచో 81వ గజమున నున్న జింకకు నమస్కరించి విడువవలెను.

చివరకు భద్రత. దశరథ మహారాజు గురి తప్పినవాడు కాడు. శబ్దమును బట్టి బాణము వేయగల నేర్పరి. అయినను నీటి చప్పుడు విని, ఏనుగనుకొని, కన్నులార చూడక బాణము విడిచి మునికుమారుని పొట్టన బెట్టుకొనెను. అమెరికా రాష్ట్రములలో కొత్త వేటగాండ్రకు నేర్పు పాఠముల సారమంతయు ఆ కథలోనే కలదు: గురిని కంట చూడక, గురివెనుక ఏమున్నదో తెలియక మీట నొక్కరాదు. .22 గుండు సైతము ఒక మైలుకు పైగా పోగలదు; .30-06 గుండు రెండు మైళ్ళకు మించి పోగలదు. నారింజవన్నె చొక్కా తొడుగుట ఇందులకే. ఇంటికి వచ్చిన వెంటనే మ్యాగజైను తీసి, బోల్టు తెరచి, అరను కంటితో చూచి, వ్రేలితో తడిమి ఖాళీయని నిశ్చయించుకొనవలెను. బోల్టు సులువుగ ఊడివచ్చుట ఈ రైఫిలునకున్న గొప్ప గుణము. రైఫిలు ఒక తాళము క్రింద, బోల్టు వేరొక తాళము క్రింద, తూటాలు మూడవచోట నున్నచో పసిపిల్లలున్న యింట భయము చాల తగ్గును.

ఇంతవరకు చెప్పిన దానిని ఒక్క మాటలో కూర్చినచో ఇట్లుండును. వెలకు వచ్చునది ఉక్కు మాత్రమే. గురి వెలకు రాదు. అది కట్ల బిగువులోనుండి, కాగితపు ముక్క పరీక్షలోనుండి, నూరు తూటాల అభ్యాసములోనుండి వచ్చును. తన హద్దు తెలిసినవాని చేతిలో అయిదువందల డాలర్ల రైఫిలు జంతువునకు బాధ లేని మరణమును, తోడివారికి భయము లేని అడవిని ఇయ్యగలదు. హద్దు తెలియనివాని చేతిలో అయిదువేల రైఫిలు ఈ రెంటిలో ఏదియు ఇయ్యజాలదు.